శక్తి బృందంలో పాలకొల్లు మాండలిన్

పాశ్చాత్య దేశాలలో ప్రోగ్రెసివ్ రాక్ అనే సంగీతాన్ని అభిమానించేవారికి ఒక అలవాటుంది. ఏ రికార్డు ఏ సంవత్సరంలో వచ్చింది, అందులో ఎవరు ఏ వాద్యం వాయించారు, తరువాతి రికార్డుకు ఎవరు మానేశారు, వారి స్థానంలో ఎవరు చేరారు - ఇదంతా వేళ్ళమీద లెక్కపెట్టి చెబుతారు. మనవాళ్ళు ఏ సినిమా ఏ సెంటర్లో ఎన్ని రోజులు ఆడిందో చెప్పినట్లన్నమాట. ఇంగ్లండులో 1968లో పుట్టిన 'యెస్' అనే బృందాన్నే తీసుకుంటే, తొలి రికార్డు నుండి ప్రతి స్టూడియో ఆల్బంలోనూ వాయించినవాడు క్రిస్ స్క్వయర్ ఒక్కడే. ఆయన 2015లో పోయాక కూడా అదే పేరుతో ఆ బృందం 2021లో కొత్త రికార్డు తెచ్చింది. 1969లో మొదటి రికార్డు తెచ్చిన 'కింగ్ క్రిమ్సన్'లో రాబర్ట్ ఫ్రిప్ తప్ప తక్కిన అందరూ మారిపోయారు. మనుషులందరూ మారిపోయాక ఆ పేరుకు అర్థమేమిటని ఆ అభిమానులు ఏళ్ళ తరబడి వాదించుకుంటూ ఉంటారు.

వినోదంగా తోచినా, ఈ ప్రశ్న మనకు కొత్తదేమీ కాదు. మన ముషైరిబ్ సంగతే చూడండి. పాత ఇళ్ళు, దుకాణాలు పోయి, 2010 తరువాత మొత్తం కొత్తగా కట్టారు. మూడు మెట్రో లైన్లు కలిసే స్టేషను వచ్చింది. ఖతర్‌లో తొట్టతొలిగా విద్యుద్దీపాలు వెలిగిన కహ్రబా వీధి పేరు మాత్రం అలాగే ఉంది. పాతవారు ఇప్పటికీ ఆ పేరు చెప్పే దారి చూపిస్తారు.

కచేరీ సంప్రదాయంలో పెరిగిన మనకు బృందసభ్యుల పట్టింపు అంతగా లేదు. ఇవాళ వయొలిన్ మీద ఒకరు, రేపు మరొకరు. కరపత్రంలో ఒక పేరు మారుతుంది, అంతే. కచేరీ ఎవరిది అంటే గాయకుడిది, తక్కినవి పక్కవాద్యాలు. ఘటం, కంజీర అయితే పక్కవాద్యాలకు మళ్ళీ పక్కవాద్యాలు. కనుక ఒక బృందం, దానికొక పేరు, అందులో అందరూ సమానులు అన్న పద్ధతి మన సంగీతానికి బయటినుండి వచ్చిందనే చెప్పాలి. నాటకాలవారికి అది ఉంది. 1885లో కడప ప్రాంతంలో పుట్టిన సురభి తరాలు మారినా సురభే. సంగీతంలో అటువంటి పేరు తెచ్చుకున్నది 'శక్తి'. ఈ బృందం యాభై ఏళ్ళ చరిత్రలో ఒక ముఖ్యమైన భాగం పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లు కుర్రవాడిది. మనవాళ్ళు ఆయనను బాలమేధావిగా కొనియాడి అక్కడితో ఆగిపోతారు. ఆ తరువాతి కథ రికార్డుల మీదే ఉన్నది కాబట్టి, వరుసగా ఆ రికార్డులనే పరిశీలిద్దాం.

శక్తికి మూలపురుషుడు జాన్ మెక్‌లాఫ్లిన్. 1942లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో జన్మించాడు. తల్లి వయొలిన్ వాయించేది. జాజ్ సంగీతంలో మహామహుడైన మైల్స్ డేవిస్ రికార్డులలో గిటారు వాయించి పేరు తెచ్చుకున్నాడు. తరువాత 1971లో 'మహావిష్ణు ఆర్కెస్ట్రా' అనే బృందాన్ని స్థాపించాడు. అప్పట్లో ఆయన శ్రీ చిన్మయ్ అనే బెంగాలీ గురువు శిష్యుడు. మహావిష్ణు అన్నది ఆ గురువు పెట్టిన పేరే. జాజ్, రాక్ రెండూ కలిసి చెవులు చిల్లులు పడే ధ్వనితో సాగిన ఆ సంగీతాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అభిమానులు ఇప్పటికీ తమదిగా చెప్పుకుంటారు. 'ది ఇన్నర్ మౌంటింగ్ ఫ్లేమ్', 'బర్డ్స్ ఆఫ్ ఫైర్' అనే రెండు స్టూడియో రికార్డులతోనే ఆ మొదటి జట్టు ప్రపంచప్రసిద్ధమైంది. 1973 చివరకు సభ్యులకు పొసగక విడిపోయింది. రెండో జట్టు మరి రెండేళ్ళు నడిచింది.

ఇదే కాలంలో ఆయన అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఎస్. రామనాథన్ గారి వద్ద వీణ నేర్చుకున్నాడు. దక్షిణాది విద్వాంసులు అక్కడ పాఠాలు చెబుతూ ఉండేవారు. వయొలిన్ విద్వాంసుడు వి. లక్ష్మీనారాయణ గారి కుమారుడు, ఎల్. సుబ్రహ్మణ్యం గారి తమ్ముడు అయిన ఎల్. శంకర్ కూడా ఆ విశ్వవిద్యాలయంలోనే చదువుకున్నాడు. తబలాకు అల్లారఖా గారి కుమారుడు జాకిర్ హుస్సేన్, మృదంగానికి రామ్‌నాడ్ రాఘవన్, ఘటానికి మద్రాసు నుండి విక్కు వినాయక్‌రామ్ వచ్చి చేరారు. ధ్వనిలో చెవులు హోరెత్తించిన మనిషి, కరెంటుతో పనిలేని గిటారు పట్టుకుని, వీరందరితోపాటు వేదిక మీద బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. పాత అభిమానులు ఎంత విస్తుపోయి ఉంటారో ఊహించుకోవచ్చు.

ఆ గిటారు గురించి రెండు మాటలు చెప్పాలి. దానిని ఏబ్రహాం వెక్టర్ అనే పనివాడు గిబ్సన్ కంపెనీ తరఫున తయారుచేశాడు. మామూలు తీగల కింద, సితారుకు తరఫ్ తీగలు ఉన్నట్లు, ఏటవాలుగా మరికొన్ని తీగలు ఉండేవి. మెట్లకూ మెట్లకూ మధ్య చెక్కను లోతుగా తొలిచారు. వీణ మీద తీగను లాగి గమకం పలికించినట్లు గిటారు మీదా పలికించడానికి ఈ ఏర్పాటు. వీణ నేర్చుకున్నందువల్ల ఆయన వీణ విద్వాంసుడు కాలేదు. కానీ తన వాద్యానికి ఏమి తక్కువో ఆయనకు తెలిసింది.

మొదటి రికార్డు 1975 జులై 5న న్యూయార్క్ రాష్ట్రంలోని సౌతాంప్టన్ కళాశాలలో జరిగిన కచేరీ. 1976లో విడుదలయింది. మూడే అంశాలు. చివరిది అరగంటకు దగ్గరగా ఉంటుంది. నడుమ అయిదు నిమిషాలకు లోపు 'లోటస్ ఫీట్' అనే చిన్న వరుస ఉంది. దానిని పాఠకులు గుర్తుంచుకోవాలి, మళ్ళీ పని పడుతుంది. ఈ రికార్డు తరువాత రాఘవన్ గారు లేరు. నలుగురే మిగిలారు. 1976లో రికార్డు చేసిన 'ఎ హ్యాండ్‌ఫుల్ ఆఫ్ బ్యూటీ', 1977 నాటి 'నేచురల్ ఎలిమెంట్స్' ఈ నలుగురివే. రెండవది చాలా మంచిది. మూడవదానిలో అంశాలు చిన్నవైపోయాయి, గొంతులు, ఇతర హంగులు చేరాయి; రేడియోలో వేయించుకోవాలన్న తాపత్రయం కనబడుతుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. 1978లో బృందం ఆగిపోయింది.

ఈ మొదటి శక్తి సాధించినదేమిటంటే, ఘటాన్ని తబలా పక్కన సమానంగా కూర్చోబెట్టింది. హిందుస్తానీ తబలాకూ కర్ణాటక ఘటానికీ లెక్క ఒకటే, నడక వేరు. జాకిర్, వినాయక్‌రామ్ ఒకరి మాట ఒకరు నేర్చుకున్నారు. మన తని ఆవర్తనంలో కొద్ది నిమిషాలు దొరికే అవకాశం అక్కడ కచేరీ పొడుగునా దొరికింది. వినాయక్‌రామ్ గారు ఘటాన్ని గాలిలోకి ఎగరేసి పట్టుకుంటే అమెరికా కుర్రకారు ఈలలు వేసేవారు. అది తమాషా అనుకున్నవారు కూడా ఆ తరువాత వచ్చిన ముక్తాయింపుకు నోరు మూసుకున్నారు.

సరే, అక్కడ శక్తి ఆగిపోయిన 1978లోనే ఇక్కడ గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాలలో తొమ్మిదేళ్ళ పిల్లవాడు మొదటి కచేరీ చేశాడు. ఆ పిల్లవాడు ఉప్పలపు శ్రీనివాస్. 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో జన్మించాడు. అల్లు రామలింగయ్య గారినీ, దాసరి నారాయణరావు గారినీ ఇచ్చిన ఊరు కనుక పాలకొల్లు అంటే మనకు నాటకం, సినిమా గుర్తుకు వస్తాయి. తండ్రి సత్యనారాయణ గారు క్లారినెట్ వాయించేవారు, ఇంట్లో మాండలిన్ కూడా ఉండేది. తండ్రి లేనప్పుడు ఆరేళ్ళ కుర్రవాడు దానిని తీసి వాయించుకునేవాడట. అది చూసి తండ్రి, తన గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారి వద్ద పాఠానికి పెట్టారు. సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. విశేషమేమంటే ఆయనకు మాండలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విన్నది విన్నట్లు తీగమీద పలికించేవాడు. వాద్యపు అలవాటుతో కాక గాత్రపు అలవాటుతో మాండలిన్ నేర్చుకున్న మనిషి అన్నమాట. ఇది కూడా గుర్తుంచుకోవలసిన విషయమే.

మాండలిన్ అంటే ఇటలీ వాద్యం. జంట తీగలు, గట్టిగా లాగితే సాగవు. మీటిన నాదం మీటినంత సేపట్లో చచ్చిపోతుంది. మన సినిమా వాద్యబృందాలలో సందుల్లో పూరింపుగా వాడుకున్నారు తప్ప, రాగం వాయించగలదని ఎవరూ అనుకోలేదు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, జంట తీగలు మాని ఒంటి తీగలు వేసి, కిందిస్థాయికి మరొక తీగ కలిపి అయిదు తీగల వాద్యం చేసుకున్నాడు. కరెంటు వల్ల నాదం నిలుస్తుంది, ఒంటి తీగ కనుక గమకానికి లొంగుతుంది. ఇక్కడ ఆగి పాఠకులు ఒకసారి వెనక్కి చూడాలి. యార్క్‌షైర్ మనిషి గమకం కోసం గిటారు చెక్క తొలిపించాడు. పాలకొల్లు కుర్రవాడు అదే గమకం కోసం మాండలిన్ తీగలు తీసేశాడు. ఇద్దరూ ఒకరినొకరు ఎరుగరు.

తరువాతి సంగతి మనందరికీ తెలుసు. కుటుంబం మద్రాసు చేరింది. 1981లో అక్కడ కచేరీ. ఇదేమి వాద్యమని మొహం చిట్లించిన పెద్దలు కూడా కచేరీ అయ్యేసరికి మెత్తబడ్డారు. 1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవం, అప్పటికి వయసు పద్నాలుగు. 1992లో బార్సిలోనా ఒలింపిక్ కళోత్సవం. 1995లో కెనడా గిటారు విద్వాంసుడు మైకేల్ బ్రూక్‌తో 'డ్రీమ్' అనే రికార్డు. 1998లో పద్మశ్రీ. మనలో పాతవారికి ఆయన కాసెట్లతోనే పరిచయం. పెళ్ళి హాళ్ళలో కూడా అవే మోగేవి.

1997లో భారత స్వాతంత్ర్య స్వర్ణోత్సవ సందర్భంగా ఇంగ్లండులో కచేరీలు చేయడానికి శక్తి మళ్ళీ కూడింది. పేరు 'రిమెంబర్ శక్తి'. మెక్‌లాఫ్లిన్, జాకిర్, వినాయక్‌రామ్ ఉన్నారు, శంకర్ లేడు. ఆ స్థానంలో హరిప్రసాద్ చౌరాసియా గారి వేణువు. ఈ కచేరీలు 1999లో రెండు సి.డి.లుగా వచ్చాయి. అందులో 'ముక్తి' అనే ఒక్క అంశమే గంట దాటుతుంది. సావకాశంగా, ఆలాపన ప్రధానంగా సాగే హిందుస్తానీ పద్ధతి అది. హాయిగా ఉంటుంది. పాత శక్తిలోని వేడి మాత్రం లేదు.

ఆ వేడి తిరిగి వచ్చింది శ్రీనివాస్ చేరినప్పుడు. వినాయక్‌రామ్ గారి స్థానంలో ఆయన కుమారుడు సెల్వగణేశ్ కంజీరతో, ఘటంతో కూర్చున్నాడు. తండ్రి ఆసనం కొడుక్కి వచ్చింది, మన ఇళ్ళలో వచ్చినట్లే. 1999 నాటి కచేరీల నుండి 2000లో వెలువడిన 'ది బిలీవర్' ఈ నలుగురి రికార్డు. నన్నడిగితే రెండవ శక్తిలో అత్యుత్తమమైనది ఇదే.

ఎందుకో చెప్పడానికి 'లోటస్ ఫీట్' సరిపోతుంది. ఆ ఒక్క వరుస 1976 రికార్డులో శంకర్ వయొలిన్‌తో ఉంది, 1999 రికార్డులో చౌరాసియా వేణువుతో ఉంది, 2000 రికార్డులో మాండలిన్‌తో ఉంది. అంటే ఒకే ఆసనంలో ముగ్గురు కూర్చుని ఒకే పాట వినిపించారు. వయొలిన్‌కు కమాను ఉన్నది కాబట్టి స్వరాన్ని ఎంతసేపైనా లాగవచ్చు. పక్కన గిటారు నాదం త్వరగా ఆరిపోతుంది కాబట్టి రెండూ వేరు వేరుగా తెలుస్తాయి. వేణువు కూడా అంతే, ఊపిరి ఉన్నంతసేపు పలుకుతుంది. మాండలిన్ సంగతి అలా కాదు. గిటారూ మీటే వాద్యమే, మాండలినూ మీటే వాద్యమే. పైగా మెక్‌లాఫ్లిన్ ఈసారి ఎలక్ట్రిక్ గిటారుకు వచ్చేశాడు. రెండూ కలిసిపోయి గందరగోళం కావలసిన పరిస్థితి. కాకపోవడానికి కారణం శ్రీనివాస్ గొంతుతో నేర్చుకున్న మనిషి కావడమే. గిటారు స్వరాలను మెట్లు మెట్లుగా దూకుతూ వెళ్తుంది; మాండలిన్ ఒక్క మీటుకే రెండు మూడు స్వరాలు లాగి, గాయకుడు దమ్ము బిగబట్టినట్లు నిలుపుతుంది. ద్రుతకాలంలో ఇద్దరూ ప్రశ్నోత్తరాలకు దిగినప్పుడు కూడా కళ్ళు మూసుకుని విని ఎవరు ఎవరో చెప్పవచ్చు. వాద్యాలు దగ్గరివి కావడంతో మనుషుల తేడా బయటపడింది.

2000 డిసెంబరులో బొంబాయిలో చేసిన కచేరీలు 2001లో 'సాటర్‌డే నైట్ ఇన్ బాంబే'గా వచ్చాయి. శివకుమార్ శర్మ సంతూర్, దేబాశిష్ భట్టాచార్య గిటారు, భవానీశంకర్ పఖవాజ్, శివమణి డ్రమ్ములు, పళనివేల్ తవిల్ - పెళ్ళిపందిరిలా ఉంటుంది రికార్డు. అతిథులు ఎక్కువైతే ఇంటివాళ్ళు కనబడరు. అయినా దీనిని తప్పక వినాలి, రెండు కారణాల వల్ల. మొదటిది, మనకు సినిమా పాటల ద్వారా బాగా తెలిసిన శంకర్ మహదేవన్ ఇందులో పాడాడు. అక్కడి నుండి ఆయన బృందంలో స్థిరపడ్డాడు. ఇరవై అయిదేళ్ళు వాద్యాలతోనే నడిచిన శక్తికి గొంతు వచ్చింది.

రెండవది ఆయన పాడిన పాట. రికార్డు మీద 'గిరిరాజ్ సుధ' అని ముద్రించారు, స్వరకర్తగా శ్రీనివాస్ పేరు వేశారు. వింటే తెలుస్తుంది, ఇది త్యాగరాజస్వామి బంగాళ రాగంలో చేసిన 'గిరిరాజసుతా తనయ' అనే వినాయక కృతి. గిరిరాజసుత అంటే పార్వతి, ఆమె తనయుడు విఘ్నేశ్వరుడు. సుత కాస్తా సుధ అయ్యేసరికి పర్వతరాజు కూతురు పోయి పర్వతరాజు అమృతం వచ్చింది! తనయుడు అట్ట మీద నుండి అసలే మాయమయ్యాడు. దక్షిణాది పేర్లు ఇంగ్లీషు అక్షరాలలో పడే పాట్లు మన పాస్‌పోర్టుల ద్వారా మనకు అనుభవమే కనుక ఎవరినీ తప్పుపట్టనక్కరలేదు. కానీ ఈ కృతి శక్తిలోకి ఎలా వచ్చిందో గమనించాలి. మొదటి శక్తి కర్ణాటక లెక్కలను, రాగాలను తీసుకుంది, 'కృతి' అనే పేరుతో ఒక అంశం కూడా వాయించింది. సాహిత్యంతో సహా త్యాగరాజ కృతిని తెచ్చి గిటారు, తబలాల నడుమ నిలబెట్టినవాడు శ్రీనివాస్. సంగతులు సంప్రదాయానివే, వాటికి తగిన చోటు ఇస్తూ మెక్‌లాఫ్లిన్ స్వరాల వత్తాసు పెడతాడు. ఎక్కడా పాటను చెడగొట్టలేదు.

ఆ తరువాత ఏళ్ళకు ఏళ్ళు కచేరీలు జరిగాయి, కొత్త రికార్డు మాత్రం పెద్దగా లేదు. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో శ్రీనివాస్ కన్నుమూశాడు. కాలేయం మార్పిడి జరిగాక వచ్చిన ఇబ్బందులు కారణం. వయసు 45 మాత్రమే. బృందంలో మెక్‌లాఫ్లిన్ కంటే 27 ఏళ్ళు చిన్నవాడు.

ప్రోగ్రెసివ్ రాక్ బృందాలలో ఇటువంటప్పుడు ఏం చేస్తారో మొదట చెప్పుకున్నాం; అదే వాద్యం వాయించే మరొకరిని తెస్తారు. శక్తి అలా చేయలేదు. చాలా కాలం మౌనంగా ఉండి, 2020లో తిరిగి కూడుతున్నామని ప్రకటించారు. ఈసారి చేరినది గణేశ్ - కుమరేశ్ జంటలో పెద్దవాడైన గణేశ్ రాజగోపాలన్. ఆయనది వయొలిన్. మొదట శంకర్ కూర్చున్న చోటికి, వేణువూ మాండలినూ అయ్యాక, మళ్ళీ వయొలిన్ వచ్చింది. 2023లో యాభై ఏళ్ళ పండుగగా మన దేశంలో, యూరప్‌లో, అమెరికాలో పర్యటించారు. అదే సంవత్సరం 'దిస్ మొమెంట్' విడుదలైంది. 1977 తరువాత శక్తి తెచ్చిన తొలి స్టూడియో ఆల్బం ఇదే. 2024 ఫిబ్రవరిలో దానికి గ్రామీ బహుమతి వచ్చింది. పత్రికలన్నీ శంకర్ మహదేవన్, జాకిర్ హుస్సేన్ ఫొటోలు వేశాయి.

ఆ ఆల్బంలో మొదటి అంశం పేరు 'శ్రీనీస్ డ్రీమ్'. శ్రీని అంటే మన శ్రీనివాసే. అయిదవది 'గిరిరాజ్ సుధ', అదే ముద్రణతో. 2001 రికార్డూ ఇదీ పక్కపక్కన పెట్టి వింటే, పాట ఒకటే అయినా పని పంపకం మారిందని తెలుస్తుంది. ముందు మాండలిన్ గొంతుకు జోడుగా నడిచేది, తీగ వాద్యమైనందున ప్రతి అక్షరానికీ మీటు పడేది. కృతి మాటలు తీగమీద లెక్కపెట్టినట్లు వినిపించేవి. ఇప్పుడు వయొలిన్ కమానుతో మాటల అంచులు కలిపేస్తుంది. గణేశ్ గారు గొప్ప విద్వాంసుడు, ఏ లోపమూ చేయలేదు. మాట స్పష్టతకు నేను పాతదాని వైపే మొగ్గుతాను. రాగం మెత్తదనం కావలసినవారు కొత్తది వినవచ్చు. మన పిల్లలలో కీబోర్డు, వయొలిన్ నేర్చుకుంటున్నవారికి ఒక శుక్రవారం ఈ రెండూ వినిపిస్తే, ఒకే కృతిని రెండు వాద్యాలు ఎలా అనుసరిస్తాయో పది పాఠాలు చెప్పినదానికంటే బాగా తెలుస్తుంది.

2024 డిసెంబరు 15న జాకిర్ హుస్సేన్ శాన్ ఫ్రాన్సిస్కోలో మరణించాడు. మొదటి రికార్డు నుండి చివరి ఆల్బం దాకా నిలిచినవారు ఇద్దరే. ఇప్పుడు మెక్‌లాఫ్లిన్ ఒక్కడు మిగిలాడు. శ్రీనివాస్ తమ్ముడు రాజేశ్ కూడా మాండలిన్ విద్వాంసుడే, అన్న దగ్గర నేర్చుకున్నవాడే. 2008లో మెక్‌లాఫ్లిన్ సొంత రికార్డు 'ఫ్లోటింగ్ పాయింట్'లో ఆయన వాయించాడు. శక్తి సభ్యుల జాబితాలో మాత్రం మాండలిన్ ఎదురుగా ఉన్నది ఒక్క పేరే.